పొయ్యిల లెక్క

మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్ళికి భోజనాలు ఒప్పుకున్న క్యాటరింగ్ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. జేబులో డైరీ, చెవి మీద పెన్ను. "అమ్మగారూ, ప్లేట్లు ఎన్ని రాసుకోమంటారు? మిమ్మల్నే అడగమన్నారు" అన్నాడు. మా చుట్టాల్లో ఏ శుభకార్యం జరిగినా ఈ ప్రశ్న చివరికి నా దగ్గరికే వస్తుంది. నేను చదివింది అయిదో తరగతి. మిగతాదంతా చూసి, చేసి, తప్పులు పోయి నేర్చుకున్నదే.

"పిలుపులు ఎలా జరిగాయి బాబూ? ఇంటికొకరినా, ఇంటిల్లిపాదినా?" అని అడిగాను.

"కార్డులు పంచారండి."

"పంచారు సరే, నోటితో ఏమని చెప్పారు?"

అతను నవ్వాడు. "అదంతా మాకెందుకండీ? నంబరు చెప్పండి చాలు. నూటికి అయిదు అటూ ఇటూ మేం చూసుకుంటాం."

రెండు రోజులు గడువు అడిగి పంపించాను. అతను వెళ్ళాక కాగితం ముందేసుకుని కూర్చున్నాను గాని, ఒక్క అంకె కూడా పడలేదు. ముక్కుకి మాత్రం ఎండుమిరపకాయల ఘాటు తగిలింది. మా వీధిలో మిరపకాయలు ఎండబెట్టేవాళ్ళెవరూ లేరు.

మాది నల్లరేగడి ఊరు. ఊరికి ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప. మాఘమాసం వచ్చేసరికి కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉండేవి. గాలి ఏ వైపు నుంచి వీచినా ఎవరో ఒకరు తుమ్మాల్సిందే. మంచి ముహూర్తాలు కూడా ఆ నెలలోనే వచ్చేవి. అందుకని మా ఊళ్ళో ఆ నెలంతా తుమ్ముకి శకునం పట్టింపు లేదు. పట్టించుకుంటే ఒక్క పెళ్ళీ జరగదు. పురోహితుడు కూడా మంత్రం సగంలో ఆపి, తుమ్మి, ఆపిన చోటి నుంచే అందుకునేవాడు.

అలాంటి ఒక మాఘంలో పెళ్ళి మా పెదనాన్న కూతురిది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నాకప్పుడు పదకొండు. మాది ఉమ్మడి ఇల్లు. మాట పెదనాన్నది, లెక్క నాయనమ్మది. నాయనమ్మకి అంకె రాయడం రాదు. గోడ మీద సుద్దగీతలు గీసేది, చింతపిక్కలు కుప్పలు పోసేది. "మానిక బియ్యానికి నలుగురు. చేలో పనిచేసేవాళ్ళయితే ముగ్గురు. మొత్తం మీద పదో వంతు ఎక్కువ వండు" అన్నది ఆవిడ సూత్రం. ఇప్పటికీ నాకు తెలిసినంతలో దీన్ని మించింది లేదు.

ఆ పెళ్ళి విషయంలో ఆవిడకి ఒక్కటే పట్టుదల. అంతకు పదిహేనేళ్ళ కిందట మా మేనత్త పెళ్ళిలో ఆఖరి బంతికి అన్నం తగ్గిందట. విస్తళ్ళు వేశారు, ఉప్పు వడ్డించారు, ఆ తర్వాత అరగంట దాకా వడ్డించేవాళ్ళ జాడ లేదు. ముప్ఫై మంది చేతులు కడుక్కునే పని లేకుండానే లేచి వెళ్ళిపోయారట. ఆ మాట ఊళ్ళో ఎంత నలిగిందంటే, నేను పుట్టకముందు జరిగిన సంగతి నాకు కళ్ళతో చూసినట్టే ఉండేది.

"ఈసారి మన పిలుపు మీద వచ్చినోళ్ళెవరూ ఖాళీ విస్తరి ముందు నుంచి లేవగూడదు. అదొక్కటీ దాటితే నేను కళ్ళు మూసుకున్నా పర్లేదు" అంది నాయనమ్మ.

"శుభమా అని పెళ్ళి చేస్తుంటే కళ్ళు మూసుకోవటమేందే అమ్మా?" అని పెదనాన్న విసుక్కున్నాడు.

నెల ముందు నుంచే ఇల్లు ఇల్లులా లేదు. మోదుగాకుల మోపులు దిగాయి. మధ్యాహ్నాలు ఆడవాళ్ళంతా అరుగు మీద చేరి, ఈనుపుల్లలతో విస్తళ్ళు కుట్టి, వందకొక కట్ట చొప్పున రోకలి కింద అణిచిపెట్టేవాళ్ళు. పరుపులకి దూది ఏకే సాయిబు తాత కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. మా చేలో పత్తే. వసారాలో కూర్చుని వింటినారి మీద చెక్కసుత్తితో కొడుతుంటే, టంగు టంగుమని మోతతో దూది పొగమంచులా లేచేది.

"సాయిబూ, పరుపుకి ఎంత పోస్తన్నావు?" అని నాయనమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"తొమ్మిది వీశెలమ్మా."

"మొన్న కరణంగారింట్లో ఎనిమిదే పోశావంటగా?"

"ఆ పిల్ల బక్కపిల్లమ్మా. మన పిల్ల కాస్త పుష్టిగా ఉంటది."

లోపలి నుంచి అక్క గొంతు వచ్చింది. "సాయిబు తాతా, వినపడింది!"

"వినపడాలనే అన్నాను తల్లీ. రేపు అత్తారింట్లో పరుపు కుంగితే నన్ను తిట్టుకోగూడదుగా."

నేను దూదిగుట్టలోకి దూకి మునిగి తేలుతుంటే ఆయన విల్లు ఆపాడు. "ఒసేయ్ పిల్లా, లేస్తావా? నీ జుట్టు కూడా కలిపి ఏకమంటావా?" లేచాను గాని, రెండు రోజులు నా జడలోంచి దూది రాలుతూనే ఉంది.

ఆ తర్వాత అరిసెలు. అరిసెల పాకం వాసన మిరపఘాటుని కూడా అణగదొక్కేది. సారెలో పెట్టి పంపే అరిసెలకి కూడా నాయనమ్మ దగ్గర లెక్క ఉంది. మగపెళ్ళివారి ఊళ్ళో రెండు వందల గడప. కొత్తకోడలు సారె గడప గడపకీ పంచుతారు. గడపకి నాలుగు అని వియ్యపురాలు అప్పటికే తన ఊళ్ళో చెప్పుకుందట. ఎనిమిది వందలు. దారిలో పగిలేవాటికి ఇంకో యాభై. "ఈ ఇంట్లో దొంగలకి ఇరవై" అని పైన పాకం పట్టించింది. ఆ ఇరవైలో పన్నెండు నేను తిన్నాను, ఎనిమిది మా తమ్ముడు. లెక్క మించలేదు.

పెళ్ళికి మూడు రోజుల ముందు పిలుపులు మొదలయ్యాయి. మా వైపు పిలుపులు రెండు రకాలు. గడపకి బొట్టు పెట్టి "భోజనానికి ఇంటికొకరు రండి" అంటే ఒక లెక్క. "ఆ పూట పొయ్యి వెలిగించొద్దు" అంటే ఇంకో లెక్క. రెండో మాట చెప్పామంటే ఆ ఇంట్లో ఆ పూటకి వంట లేదు. ఆ ఇంటి కడుపులన్నీ మన పూచీ. ఎవరింటికి ఏ మాట చెప్పాలో నాయనమ్మ, పెదనాన్న రెండు రోజులు కూర్చుని తేల్చారు.

తేల్చింది నాయనమ్మే గాని, పిలవడానికి ఆవిడ వెళ్ళకూడదు. తాతయ్య పోయి అప్పటికి ఆరేళ్ళు. బొట్టు లేని ఆవిడ బొట్టు పెట్టి పిలవదు. అందుకని కుంకుమ భరిణె పట్టుకుని మా పెద్దమ్మ బయలుదేరింది. ఆవిడ మాటల మనిషి. ఏ ఇంట్లో ఎందరున్నారో అడిగితే, వాళ్ళ చుట్టరికాలన్నీ చెబుతుంది గాని సంఖ్య చెప్పదు. కాబట్టి లెక్కకి నన్ను వెంట పంపారు.

నాయనమ్మ రెండు సంచులు ఇచ్చింది. ఒకదాంట్లో చింతపిక్కలు, ఇంకోటి ఖాళీ. "తినే మనిషికి ఒక పిక్క. దీంట్లోంచి తీసి దాంట్లో వెయ్యి. పాలు తాగే పిల్లకి వెయ్యమాక. అన్నం తినే పిల్లకి వెయ్యి. దారిలో ఎవరితోనూ ఆడమాక." దారిలో వేయించుకుని తింటానేమోనని పిక్కలన్నిటికీ వేపనూనె రాసి మరీ ఇచ్చింది.

రెండు రోజులు ఊరంతా తిరిగాం. ప్రతి ఇంట్లోనూ బెల్లంముక్క పెట్టేవాళ్ళు. పెద్దమ్మ లోపల మాట్లాడుతుంటే నేను పెరట్లోకి వెళ్ళి పిల్లల్ని నిలబెట్టి లెక్కపెట్టేదాన్ని. ఒకింట్లో ఒక పిల్లాడు గోడ చుట్టూ తిరిగి వచ్చి రెండోసారి వరసలో నిలబడ్డాడు. వాడి ముక్కు మీద మసి చూసి పట్టేశాను. నా అంత తెలివైన లెక్కలమనిషి లేదనుకున్నాను.

రెండో రోజు పొద్దెక్కాక మిరపతోటల ఆసాములుండే వీధికి వెళ్ళాం. మా ఊరికి కోతలకాలంలో పడమటి మెట్ట ఊళ్ళ నుంచి కూలీలు గుంపులు గుంపులుగా వచ్చేవారు. ఆరుగురో, పదిమందో, పిల్లాజెల్లాతో ఒక్కో ఆసామి దొడ్లో దిగి, పశువుల చావిట్లో ఒక మూల మకాం పెట్టి, రెండు నెలలు కాయ కోసి వెళ్ళేవారు. వాళ్ళకి వంట కూడా ఆసామి ఇంట్లోనే. మేం వెళ్ళేసరికి అందరూ చేలకి పోయారు. చావిట్లో మూటలు, బోర్లించిన కుండలు, దూలానికి కట్టిన రెండు చీరె ఉయ్యాలలు. ఒక ముసలమ్మ రెండు ఉయ్యాలల తాళ్ళూ రెండు చేతులతో పట్టుకుని ఊపుతూ కూర్చుంది.

పెద్దమ్మ ఇంటావిడకి బొట్టు పెట్టి, "ఎల్లుండి పొయ్యి వెలిగించొద్దమ్మా" అంది.

చావిట్లోంచి ముసలమ్మ కేకేసింది. "మమ్మల్ని గూడా పిలిచినట్టేనా తల్లీ?"

"ఇంటికి చెప్పినాక ఇంట్లో ఉన్న నీకు ఏరే చెప్పాలా?" అని పెద్దమ్మ నవ్వుతూ జవాబిచ్చి పక్కింటికి నడిచింది.

ఆ ఇంటికి ఏడు పిక్కలు వేశాను. ఇంటాయన, ఇంటావిడ, అత్తగారు, నలుగురు పిల్లలు. ముసలమ్మకి వెయ్యాలా వద్దా అని ఎనిమిదో పిక్క వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాను. పెద్దమ్మ నవ్వింది కాబట్టి అది హాస్యమనుకున్నాను. పైగా వాళ్ళు ఈ ఊరివాళ్ళు కారు, ఆ ఇంటిపేరువాళ్ళూ కారు. పిక్కని మళ్ళీ మొదటి సంచిలో వేసేశాను. ఆ వీధిలో అలాంటి ఇళ్ళు పదకొండు. తర్వాతి పదింట్లో ఆ సందేహం కూడా రాలేదు.

సాయంత్రం నాయనమ్మ చాప మీద పిక్కలు పోసి పదేసి చొప్పున విడదీసింది. మూడు వందల నలభై. చుట్టాలు నూట పది. మగపెళ్ళివారు తొంభై. మొత్తం అయిదు వందల నలభై. మానికకి నలుగురు చొప్పున నూట ముప్ఫై అయిదు మానికలు. పదో వంతు కలిపి నూటయాభై.

"ఎవర్నీ వదల్లేదుగా?" అని నా మొహంలోకి చూసింది.

"లేదు నాయనమ్మా."

అబద్ధం చెప్పానని అప్పుడు నాకు తెలియదు.

ముహూర్తం పదిన్నరకి. సన్నాయి, జీలకర్రాబెల్లం, తలంబ్రాలు, అన్నీ సవ్యంగా జరిగాయి. పురోహితుడు మూడుసార్లు తుమ్మాడు. నాయనమ్మ మాత్రం పందిట్లోకి రాలేదు. ఆ రోజుల పద్ధతి అది. బియ్యం గదిలో చిన్న పీట వేసుకుని, సగం మూసిన తలుపు సందులోంచి మనవరాలి మెడలో మంగళసూత్రం పడటం చూసింది. ఎంత చూసిందో నాకు తెలియదు. నేను ఆ సందుకి అడ్డంగా ఆవిడ ముందే నిలబడి ఉన్నాను.

మొదటి బంతి మగపెళ్ళివారిది. పప్పు, వంకాయకూర, దప్పళం, బూరెలు, గడ్డపెరుగు. వాళ్ళు తృప్తిగా తిని విడిదికి వెళ్ళి నడుం వాల్చారు. తర్వాత చుట్టాలు, ఊరివాళ్ళు. బంతికి వంద చొప్పున అయిదు బంతులు లేచాయి. ప్రతి బంతి లేవగానే నేను పరుగెత్తి వెళ్ళి నాయనమ్మకి చెప్పేదాన్ని. ఆవిడ గోడ మీద గీత గీసేది. అయిదో గీత గీశాక గోడకి ఆనుకుని ఊపిరి వదిలింది. ఇక మిగిలింది మేమే. ఇంటి ఆడవాళ్ళు, వడ్డించిన మగవాళ్ళు, సన్నాయివాళ్ళు, వంటవాళ్ళు, నలభై మందిమి. పప్పు, కూర అడుగంటాయి గాని, ఇరవై మానికల అన్నం మిగిలింది. వంటాయన గాడిపొయ్యిలో నిప్పు లాగేసి నీళ్ళు చల్లించాడు.

అప్పుడు దొడ్డిగుమ్మం వైపు నుంచి మాటలు వినిపించాయి. చూస్తే బాట నిండా జనం. చేలో కోత దించి, మోటబావి దగ్గర స్నానాలు చేసి, తడిజుట్లు ముడేసుకుని, ఉన్నంతలో ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. అందరికంటే ముందు ఉయ్యాలల ముసలమ్మ. చంకలో ఒక పిల్ల.

పెదనాన్న ఎదురెళ్ళాడు. "ఏందమ్మా, ఎవరు మీరు?"

"పిలిస్తే వచ్చాం దొరా. మా ఆసామిగారింట్లో ఇయ్యాల పొయ్యి ఎలిగించలా. పెళ్ళోరింట్లో తినాలంట అని చెప్పిళ్ళు. మాతోపాటు ఆ ఈదిలో కోతోళ్ళంతా వచ్చారు."

"మిమ్మల్ని ఎవరు పిలిచారు?"

ముసలమ్మ మా పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ చేతిలో నీళ్ళచెంబు అలాగే ఉండిపోయింది.

నాకు ఎనిమిదో పిక్క వేళ్ళ మధ్య ఉన్నట్టే అనిపించింది. బియ్యం గదికి పరుగెత్తాను. "నాయనమ్మా, కోత కూలీలొచ్చారు. వాళ్ళకి నేను పిక్కలు వెయ్యలేదు" అన్నాను. చెంపదెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను.

"ఎంతమంది?" అంది.

కళ్ళు తెరిచాను.

"ఏడవటం తర్వాత. ఎంతమందో చూసిరా పో. చంకబిడ్డల్ని వదిలెయ్."

వెళ్ళి లెక్కపెట్టాను. తప్పు పోకూడదని రెండుసార్లు. తొంభై ఆరు. వచ్చి చెప్పేసరికి ఆవిడ లేచి పెరట్లోకి వచ్చేసింది. పెళ్ళిరోజు ఆవిడ గదిలోంచి బయటికి రావడం అదే మొదలు. ఆడవాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చారు.

బాబాయి పెదనాన్న చెవి దగ్గర అంటున్నాడు. "ఏదో ఒకటి సర్ది చెప్పి పంపిద్దాం అన్నయ్యా. ఎళ్ళి ఎవరిళ్ళల్లో వాళ్ళు వండుకుంటారు. గంటలో పని."

నాయనమ్మ విన్నది. "వండుకుంటారు. ఇంత పొద్దు తిరిగినాక పదకొండు ఇళ్ళ మీద పొగ లేస్తది. విడిదిలో మగపెళ్ళోళ్ళు కళ్ళు తెరిస్తే కనపడేది అదే."

"మరేం చేద్దామంటావు?"

"పొగ సంగతి అట్టా ఉంచు. వాళ్ళ పొయ్యి ఆర్పించింది మనం. పొద్దున్నించీ కాయ కోసి వచ్చినోళ్ళు. మానికకి ముగ్గురు. ముప్ఫై రెండు మానికలు కావాల. ఉంది ఇరవై. అరవై మందికి వస్తది. ముందు వాళ్ళని కూచోబెట్టండి. మనం తర్వాత తిందాం." వంటాయన వైపు తిరిగింది. "అయ్యా, ఎసరు పెట్టాల."

వంటాయన తల పట్టుకున్నాడు. "అమ్మా, అన్నమంటే ఉడుకుద్ది. పప్పు ఇప్పుడు పోస్తే సందేళకి గాని ఉడకదు. కూరగాయలు ఒక్కటీ లేవు."

చుట్టుపక్కల ఏ ఇంటికి పరుగెత్తినా ఒక గరిటె పప్పు దొరకదు. ఊళ్ళో సగం పొయ్యిలు మేమే ఆర్పించాం. అది అందరికీ ఒక్కసారే తట్టింది. మా అమ్మ, పెద్దమ్మ, పిన్ని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

నాయనమ్మ సారె గదిలోకి వెళ్ళింది. అక్కతో పంపడానికి సిద్ధంగా ఉంచిన రెండు జాడీల పండుమిరప పచ్చడి బయటికి తెచ్చింది. వాసెనగుడ్డ విప్పింది. "వేడన్నం, ఈ పచ్చడి, నువ్వులనూనె. ఆఖర్న మజ్జిగ."

"తీపి?" అని పెద్దమ్మ మెల్లిగా అడిగింది. బూరెలు ఎప్పుడో అయిపోయాయి.

"తీపి లేకుండా పెళ్ళి విస్తరి ఎట్టా అవుద్ది? అరిసెలు తియ్యి. మనిషికి రెండు."

పెద్దమ్మ కదల్లేదు. "అత్తయ్యా, అయి లెక్కపెట్టిన అరిసెలు. వియ్యపురాలు ఊరంతా చెప్పుకుంది. గడపకి నాలుగు రాకపోతే పిల్ల మాట పడుద్ది."

ఆ మాటకి నాయనమ్మ కూడా ఆగింది. పిల్ల అక్కడే ఉంది. పసుపుబట్టలతో, నుదుటిన బాసికంతో, సారె గది గుమ్మం పట్టుకుని నిలబడి అంతా వింటోంది. పొద్దున్నించీ అక్క కూడా ఏమీ తినలేదు.

"ఎన్ని తియ్యాలి నాయనమ్మా?" అంది అక్క.

"నూట తొంభై రెండు."

అక్క బుట్ట మీద మూత తీసి, కింద చతికిలబడి, జతలు జతలుగా పళ్ళెంలోకి తియ్యడం మొదలుపెట్టింది. నేను లెక్కపెట్టాను.

పెదనాన్న గాడిపొయ్యి దగ్గర తనే కూర్చుని మంట ఊదాడు. పొగ లేచింది. విడిదిలోంచి వియ్యంకుడు పంచె సవరించుకుంటూ వచ్చాడు. "ఏం బావగారూ, మళ్ళీ పొయ్యి రాజేశారు?"

పెదనాన్న తల ఎత్తకుండానే అన్నాడు. "మా పిలుపుల్లో ఇంకో బంతి ఉంది బావగారూ."

కూలీలని పందిట్లో కూర్చోబెట్టలేదు. పశువుల దొడ్డి ముందు శుభ్రంగా చిమ్మి, కళ్ళాపి చల్లి, అక్కడ విస్తళ్ళు వేశారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదానికి కూడా ఆ రోజుల్లో ఒక లెక్క ఉండేది. నాయనమ్మ సైతం దాన్ని దాటలేదు. అప్పుడు నాకు అందులో ఏ తేడా కనిపించలేదు. ఇప్పుడు కనిపిస్తుంది. అందుకే రాస్తున్నాను.

కూర్చోబోయే ముందు నాయనమ్మ గంగాళం నిండా పుల్లమజ్జిగ పెట్టించింది. రోజంతా కాయ కోసిన చేతులు ఎంత కడిగినా మండుతూనే ఉంటాయి. ఆ చేత్తో వేడన్నం ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ఒక్కొక్కళ్ళే వచ్చి మజ్జిగలో చేతులు ముంచి, కాసేపు అలాగే ఉంచి, తుడుచుకుని వెళ్ళి కూర్చున్నారు.

అన్నం పడింది. అన్నం మీద ఎర్రగా పచ్చడి పడింది. ముసలమ్మ విస్తరిలోకి చూసి, తలెత్తి నాయనమ్మ వైపు చూసింది.

"పొద్దస్తమానం మిరపకాయలు కోసి కోసి వస్తే, పెళ్ళోరింట్లో గూడా మిరపకాయేనా తల్లీ!"

అని ఆవిడే ముందు నవ్వింది. బంతి మొత్తం నవ్వింది. నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "కోసింది నువ్వేగా. ఘాటెక్కువైతే నిన్ను నువ్వే తిట్టుకో."

"నూనె ఇంకాస్త పొయ్యమను. అప్పుడు ఎవర్నీ తిట్టను."

అరవై మంది తిని లేచేసరికి రెండో వాయి అన్నం దిగింది. మిగిలిన ముప్ఫై ఆరుగురు కూర్చున్నారు. చివర్లో అక్క వచ్చి అరిసెలు తనే వడ్డించింది. పెళ్ళికూతురు వడ్డిస్తుందని వాళ్ళు అనుకోలేదు. ఆడవాళ్ళు తలలు వంచుకుని విస్తరిలో కాక చేతుల్లోకి తీసుకున్నారు. పిల్లలు ఒకటి తిని, రెండోది ఒడిలో దాచుకున్నారు. ఎవరూ ఖాళీ విస్తరి ముందు నుంచి లేవలేదు.

మేం తినేసరికి సాయంత్రం అయిదు. అదే పచ్చడి, అదే అన్నం. అన్నం తగ్గలేదు.

పొద్దుగూకే ముందు అక్క బండి ఎక్కింది. సారె బుట్టలో ఆరు వందల యాభై ఎనిమిది అరిసెలు. గడపకి మూడు చొప్పున సరిపోతాయి. నాలుగు మాత్రం రావు.

మర్నాడు పొద్దున నాయనమ్మ నన్ను చాప మీద కూర్చోబెట్టింది. పదకొండు ఇళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి, ఒక్కొక్క ఇంటి చావిట్లో ఎందరున్నారో నా చేతనే కనుక్కొచ్చేట్టు చేసి, తొంభై ఆరు పిక్కలూ వేయించింది. "ఇంటిపేరు చూసి లెక్కెయ్యమాక. ఆ పొయ్యి మీద ఎవరికి ఉడుకుతుందో చూసి వెయ్యి" అంది. అంతకుమించి ఆ విషయం మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. నేను లెక్కలు నేర్చుకున్న బడి అదొక్కటే. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళకి చెప్పానో గాని, ఇంట్లో పనిమనిషి ఉందా, తోటమాలి ఉన్నాడా, కారు డ్రైవరు కూడా తింటాడా అని అడగకుండా ఏ ఇంటికీ అంకె వెయ్యలేదు. నా చాదస్తం మీద నవ్వుకునేవాళ్ళున్నారు.

నన్ను చాలాకాలం బాధపెట్టింది అన్నం సంగతి కాదు, సారె సంగతి. అక్క అత్తగారి ఊళ్ళో గడపకి మూడే అందాయి. అంతకు ముందేడు తోటికోడలి సారెలో నాలుగు పంచారట. "మీ పుట్టింటోళ్ళకి నాలుగు దాకా లెక్కపెట్టటం రాదా?" అని అత్తగారు నలుగురిలో అన్నదని మాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. నాయనమ్మ ఆ మాట విని ఆ పూట అన్నం మానేసింది. అక్క మాత్రం పండగకి వచ్చినా, పురిటికి వచ్చినా ఆ ఊసే ఎత్తలేదు.

నాయనమ్మ పోయాక చాలా ఏళ్ళకి ఒకసారి అక్క ఊరు వెళ్ళాను. అప్పటికి అత్తగారు కూడా లేరు. మధ్యాహ్నం వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను.

"అరిసెలు ఎందుకు తగ్గాయో మీ అత్తగారికి ఎప్పుడైనా చెప్పావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదే? మా చెల్లెలు లెక్క తప్పింది, కూలీలకి పెట్టాల్సొచ్చింది అంటే పోయేదిగా. ఎన్నేళ్ళు మాట పడ్డావు?"

"రెండేళ్ళు. తర్వాత ఆవిడే మర్చిపోయింది." అక్క బియ్యంలో రాయి ఏరి పారేసింది. "చెబుదామని ఒకసారి నోటిదాకా వచ్చింది. కానీ ఏమని చెప్పను? కూలోళ్ళకి పెట్టాం అంటే, దానం చేసి చెప్పుకున్నట్టుంటది. మనం దానం చెయ్యలేదుగా. పిలిచాం, వచ్చారు, తిన్నారు. చుట్టాలు ఎంత తిన్నారో ఎవరన్నా చెప్పుకుంటారా?"

బయట ఎండ తగ్గుతోంది. బస్సుకి వేళైందని లేచాను.

అక్క నా వైపు చూడకుండానే, రాత్రి వంటకి ఏరిన బియ్యంలో ఇంకో సోలెడు పోసింది.